క్రాస్ పట్టీలు వంకర పోకుండా

చెల్లీ, జాకెట్ మెడ పైపింగుకి క్రాస్‌గా, అంటే ఏటవాలుగా కోసిన పట్టీలు ఒకచోట సన్నంగా, ఒకచోట వెడల్పుగా వస్తున్నాయన్నావు. రాయగడలో రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు తిరుగుతూ కోసేది) దొరకలేదని టెన్షన్ పడకు, మామూలు కత్తెర చాలు. మడతలేసి కోస్తే లోపలి పొర జారిపోతుంది, అందుకే ఒంటి పొర మీదే కొయ్యి.

ముందు అడ్డంగా ఒక పోగు లాగు, అక్కడ సన్నని గీత పడుతుంది. ఆ గీత వెంబడి కోస్తే గుడ్డ సాపవుతుంది. ఆ కోసిన వైపుని నిలువు అంచు మీదకి మడిస్తే పడే ఏటవాలు మడతే 45 డిగ్రీల క్రాస్. మడత ఇస్త్రీ చేసి విప్పు, అక్కణ్ణుంచి స్కేలుతో అంగుళంపావు చొప్పున సుద్దగీతలు గియ్యి. కోసేటప్పుడు కత్తెర కింది భాగం బల్లకి ఆనే ఉండాలి.

బరంపురం పట్టయితే కింద తెల్లకాగితం పిన్నులతో పెట్టి రెండూ కలిపి కొయ్యి. కత్తెర కాస్త మొండిపడుతుందనుకో, పట్టు పాడవడం కన్నా నయమే కదా!