పాలెర్మోలో బాణలి ముందు నిలబడేటప్పుడు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

ఇటలీలో, సిసిలీ దీవిలో ఉన్న పాలెర్మో విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందనీ, వచ్చే నెలలో బయలుదేరుతున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఓడలో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో మరమ్మతుల కోసం ఆ రేవులో వారాల తరబడి ఆగినవాణ్ని కాబట్టి, అక్కడ పిల్ల ఏం తింటుందోనన్న మీ అమ్మ బెంగకు సమాధానం చెప్పే బాధ్యత నా మీద పడింది. పందిమాంసం, గొడ్డుమాంసం ముట్టని మనిషికి ఆ ఊళ్లో అన్నిటికన్నా ఎక్కువ ఆసరా ఇచ్చేది ఫ్రిజ్జితోరియా, అంటే వేడివేడిగా నూనెలోంచి దేవి ఇచ్చే చిన్న కొట్టు. అయితే తెలియక తినకూడనిది తినేసే ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

కొట్టును గుర్తుపట్టడం కష్టం కాదు. వీధి వైపు తెరుచుకున్న ఒకే గది, ముందు ఒక బల్ల, దాని మీద అద్దాల పెట్టె, వెనుక పెద్ద బాణలి. కుర్చీలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్లగలిగిన బల్లారో సంతలో, ఇంకొంచెం లోపలికి వెళితే కాపో సంతలో ఇటువంటివి కనిపిస్తాయి. కొందరు మూడు చక్రాల బండి మీదే పొయ్యి పెట్టుకుని అమ్ముతారు. ఆ బండి నీకు కొత్తేమీ కాదు, పియాజ్జియో కంపెనీ 1948లో తెచ్చిన "ఆపే" అనే బండి. మన ఊళ్లలో జనాన్ని కుక్కుకుని తిరిగేదీ దాని సంతతే. జనం ఇష్టం వచ్చినట్టు మూగినట్టే ఉంటారు గాని, ఎవరి తర్వాత ఎవరో వాళ్లకు లెక్క ఉంటుంది. వెళ్లగానే "కి ఎ లూల్తిమో?" అని, అంటే చివర ఉన్నది ఎవరని అడిగి, ఆ మనిషిని గుర్తుంచుకో. అద్దాల పెట్టెలో పేర్చినవాటి జోలికి పోకుండా తర్వాతి వాయి దిగేదాకా ఆగు. పెద్ద నోట్లు కాకుండా చిల్లర దగ్గర పెట్టుకో.

మొదటిసారి వెళ్లినప్పుడు పనెల్లె తప్ప మరేదీ అడగవద్దు. ఇది శనగపిండి వంటకం. అరబ్బులు సిసిలీని ఏలిన కాలం నుంచి, అంటే వెయ్యేళ్లకు పైగా ఉందని అక్కడివారు చెబుతారు. శనగపిండి అనగానే నీకు బజ్జీ గుర్తుకు వస్తుంది గాని, పద్ధతి పూర్తిగా వేరు. మనం పిండిని జారుగా కలిపి మిరపకాయకో అరటికాయకో పట్టిస్తాము; అక్కడ పిండే అసలు పదార్థం. చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, ఉప్పు వేసి, ముద్ద గిన్నె అంచులను వదిలేదాకా గరిటె ఆపకుండా తిప్పుతూ ఉడికించి, సన్నగా తరిగిన పార్స్లీ ఆకు కలిపి, వేడి తగ్గకముందే పలుచగా పరుస్తారు. చల్లారి గట్టిపడ్డాక ముక్కలు కోసి, ఏ పూతా లేకుండా నూనెలో వేస్తారు. ముక్క కొద్దిగా ఉబ్బుతుంది, అంచులు బంగారు రంగుకు తిరుగుతాయి, లోపల మాత్రం జున్నులాగ మెత్తగానే ఉంటుంది. చల్లారితే ఆ మెత్తదనం పోయి సాగుతుంది కనుకనే వాయి దిగేదాకా ఆగమన్నాను.

"పానే ఎ పనెల్లె" అని అడిగితే నువ్వులు అద్దిన రొట్టెను చీల్చి, ముక్కలు కొన్ని ఇరికించి చేతికిస్తారు. నిమ్మరసం పిండమంటావా అని అడిగితే వద్దనకు. మీ అమ్మ నీ పెట్టెలో ఎలాగూ పెట్టబోయే కారప్పొడి సీసాను మాత్రం అక్కడికి తీసుకువెళ్లకు. ఉప్పు, నిమ్మరసం తప్ప ఇంకేమీ పడని శనగపిండి రుచి ఎలా ఉంటుందో ఒకసారైనా తెలుసుకోవాలి. అదే రొట్టెలో కాత్సిల్లి అనే బంగాళాదుంప ముద్దలు కూడా పెట్టమనవచ్చు. పనెల్లె, కాత్సిల్లి చేయగా మిగిలిన ముద్దలను గోకి, కలిపి వేయించే రస్కతూరా ఎక్కడైనా కనబడితే వదలకు. చవకది, చూడడానికి బాగుండదు, రుచిలో నా ఓటు దానికే.

జాగ్రత్త పడవలసింది అరంచీనా దగ్గర. కుంకుమపువ్వు వేసిన అన్నాన్ని చల్లార్చి, నడుమ కూర పెట్టి, నారింజకాయంత ఉండ చుట్టి, రొట్టెపొడిలో దొర్లించి వేయిస్తారు. ముఖ్యంగా రెండు రకాలు. "కార్నె" అనేదానిలో మాంసం ఉందని పేరే చెబుతుంది కనుక దానితో పేచీ లేదు. పొరపాటు జరిగేది "బుర్రో" దగ్గర. అంటే వెన్న కదా అని మనవాళ్లు నిశ్చింతగా తీసుకుంటారు. లోపల పాలు, వెన్న, మైదా ఉడికించిన తెల్లటి ముద్ద, మొజరెల్లా చీజుతోపాటు సన్నగా తరిగిన పంది తొడమాంసం ఉంటుంది. ఇందులో వాళ్ల దాపరికం ఏమీ లేదు. వాళ్ల లెక్కలో అది మాంసం కూర కాదు, రుచికి వేసే దినుసు. కాబట్టి మాంసం ఉందా అని అడిగి ఊరుకోక, "చె ఇల్ ప్రొషుత్తో?" అని, అంటే ఆ పంది తొడమాంసం ఉందా అని విడిగా అడుగు. కొన్ని కొట్లలో పాలకూరది దొరుకుతుంది, అది అడిగి చూడు. ఏది తిన్నా పైభాగం చిన్నగా కొరికి ఆవిరి పోనివ్వాలి, లేకపోతే నాలుక కాలుతుంది.

పులిసిన పిండితో చేసిన వాటిలో "స్త్రుత్తో", అంటే పంది కొవ్వు, కలిసి ఉండే అవకాశం ఉంది. చిన్న కొట్లలో అన్నిటికీ ఒకే బాణలి ఉండటమూ మామూలే. ఆ పట్టింపు నీకుంటే శనగపిండి, దుంపలు మాత్రమే వేయించే బండి వెతుక్కోవాలి. అదే నువ్వుల రొట్టెలో దూడ తిల్లి, ఊపిరితిత్తుల ముక్కలు పంది కొవ్వులో వేడిచేసి పెట్టి అమ్మేవారు పక్కనే ఉండవచ్చు. మేక తిల్లి వేపుడంటే ప్రాణం పెట్టే మీ బాబాయి కూడా అక్కడ ఒక అడుగు వెనక్కి వేస్తాడు. రొట్టెలు రెండూ పైకి ఒకేలా ఉంటాయి కనుక లోపల ఏం పెడుతున్నారో చూసి తీసుకో.

డిసెంబరు 13న సాంటా లూచియా అనే క్రైస్తవ పుణ్యవతి పండుగ. 1646లో కరువు వేళ సరిగ్గా ఆ రోజే రేవుకు గోధుమల ఓడ వచ్చిందనీ, జనం ఆకలికి ఆగలేక పిండి విసరకుండానే గింజలు ఉడికించుకుని తిన్నారనీ కథ చెబుతారు. అందుకే ఆ రోజు ఊళ్లో రొట్టె, పాస్తా మానేసి అరంచీనాలు తింటారు. వాటికి అద్దింది రొట్టెపొడే కదా అని ఎవరినీ నిలదీయకు. ఏకాదశి ఉపవాసమని చెప్పి మనం ఉప్మా తినడం లేదా? ఉదయం నుంచే బారులు తీరుతారు కనుక పెందలాడే వెళ్లు. పనెల్లె కావాలంటే ఆ రోజు రొట్టె లేకుండా కాగితంలో పెట్టి ఇమ్మని అడుగు.

ఇట్లు,
పెదనాన్న