ఫిడేలు చేతిరాత పుస్తకాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆంగ్ల కవి జాన్ క్లేర్ గురించి గత సంచికలో వచ్చిన వ్యాసంలో, ఆయన పల్లె నాట్యాల బాణీలను స్వయంగా స్వరలిపిలో రాసుకున్నాడన్న ప్రస్తావన ఒక్క వాక్యంతో ముగిసిపోయింది. ఉత్తరాలు ఎక్కువగా ఆ వాక్యం మీదే వచ్చినందున, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: క్లేర్‌ను మేము పొలాల కవిగా, పక్షుల కవిగా మాత్రమే చదువుకున్నాం. కూలి చేసుకుని బతికిన మనిషి వయొలిన్ బాణీలను స్వరలిపిలో రాసుకున్నాడంటే ఆశ్చర్యంగా ఉంది. ఆ పుస్తకంలో ఏముంది? ఎందుకు రాసుకున్నాడు? (ఆంగ్ల అధ్యాపకురాలు, హనుమకొండ)

జవాబు: క్లేర్ 1793లో నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ధాన్యం నూర్చే కూలీ. ఆయనకు నూరుకు పైగా కథాగేయాలు నోటికి వచ్చునని కొడుకే రాశాడు. అంటే పాట ఆ ఇంట్లో ముందునుంచే ఉంది. ఫిడేలు మాత్రం ఊరి పొలిమేరల్లో గుడారాలు వేసుకునే జిప్సీల దగ్గర అబ్బింది. ఆదివారాల్లోనూ వేసవి సాయంత్రాల్లోనూ వాళ్ల మధ్య కూర్చుని, చెవితో విని పట్టుకుని, వాళ్ల పద్ధతిలోనే వాయించడం నేర్చుకున్నాడు. స్వరలిపి ఆ తర్వాత వచ్చింది.

ఆయన చేతిరాతలో రెండు బాణీల పుస్తకాలు మిగిలాయి. వాటిలో ఒకదాని మొదటి పుటలో, ఇది వయొలిన్ కోసం కూర్చిన పాటల, వరుసల, నాట్యాల సంకలనమని, తన పేరుతో, ఊరి పేరుతో, 1818 అన్న సంవత్సరంతో సహా రాసుకున్నాడు. ఆయన తొలి కవితా సంపుటి 1820లో గానీ వెలువడలేదన్నది గుర్తుంచుకుంటే, లోకం ఆయనను కవిగా ఎరగక ముందే ఈ పుస్తకం మొదలైందని తెలుస్తుంది. రెండింటిలో కలిపి రెండు వందలకు పైగా బాణీలు ఉన్నాయి.

ఒక బాణీ కాగితం మీదికి ఎలా చేరిందో ఆయన దినచర్య పుస్తకంలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1825 జూన్‌లో ఒకరోజు పూలమొక్కలు నాటడం ముగించి, ఫెర్న్ మొక్కలూ ఆర్కిడ్‌లూ వెతుకుతూ తడిగడ్డిలో తిరిగి జలుబు తెచ్చుకున్నానని రాసి, వెంటనే విజ్డమ్ స్మిత్ అనే జిప్సీ దగ్గర ‘హైలాండ్ మేరీ’ వరుస సంపాదించానని, అతను వాయిస్తుండగానే పేరులేని మరో తీయని బాణీని రాసుకున్నానని చెప్పాడు. పేరులేని ఆ బాణీ గురించిన మాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అచ్చు పుస్తకానికి పేరు కావాలి, పేరు లేనిదే విషయసూచికలో చేరదు. వాయించే మనిషికి ఆ అవసరం లేదు, వరుస నచ్చితే చాలు.

ఎందుకు రాసుకున్నాడన్న మీ ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబు, అంతరించిపోతున్న సంప్రదాయాన్ని కాపాడటానికి అని. హెల్ప్‌స్టన్ ఉమ్మడి భూములకు కంచెలు వేయడానికి 1809లో చట్టం వచ్చిన మాట, ఆ కంచెలతో జిప్సీల విడిది చోట్లు మూసుకుపోయిన మాట, క్లేర్ ఆ దుఃఖాన్ని కవితల్లో చెప్పుకున్న మాట వాస్తవమే. అయినా ఈ పుస్తకాలను ఆ దుఃఖానికి ముడిపెట్టి చూడటం నాకు సరైనదిగా అనిపించదు. ఇవి ముందుగా వాయించుకోవడానికి రాసుకున్నవి. భద్రపరచాలని రాసేవాడు ఏది గొప్పదో ఎంచి రాస్తాడు. వాయించాలని రాసేవాడు నలుగురూ అడిగేదీ, తన చేతికి లొంగేదీ రాస్తాడు. ఒక పల్లెలో నిజంగా ఏ సంగీతం మోగిందో తెలుసుకోవడానికి రెండోవాడి పుస్తకమే నమ్మదగినది.

పైగా ఈ పని చేసిన శ్రమజీవి క్లేర్ ఒక్కడే కాదు. యార్క్‌షైర్‌లో జాషువా జాక్సన్ అనే పిండిమర యజమాని 1798 నుంచి ఇలాంటి పుస్తకం రాశాడు. సోమర్‌సెట్‌లో విలియమ్ వింటర్ అనే చెప్పులు కుట్టే పనివాడు వందలాది బాణీలు రాసిపెట్టాడు. డోర్సెట్‌లో నవలాకారుడు థామస్ హార్డీ తండ్రీ తాతా కట్టడపు పనివారే, వారి పుస్తకాలు కూడా మిగిలాయి.

ప్రశ్న: ఈ నాట్యం ఎలా ఉండేది? బాణీలన్నీ అంత చిన్నవిగా ఎందుకు ఉంటాయి? (విశాఖపట్నం)

జవాబు: పురుషులు ఒక వరుసగా, వారికి ఎదురుగా స్త్రీలు మరో వరుసగా నిలబడతారు. పై చివర ఉన్న జంట తన పక్క జంటతో కలిసి కొన్ని కదలికలు చేస్తుంది. చేతులు కలిపి గుండ్రంగా తిరగడం, రెండు వరుసల నడుమ కిందికి నడిచి మళ్లీ పైకి రావడం, వరుస వెనుకగా తిరిగి ఒక స్థానం దిగడం వంటివి వాటిలో ఉంటాయి. ఆ కదలికలు ముగిసేసరికి మొదటి జంట ఒక స్థానం కిందికీ, రెండో జంట ఒక స్థానం పైకీ చేరతాయి. అదే కదలిక కొత్త జంటతో మళ్లీ మొదలవుతుంది.

బాణీ నిర్మాణం సరిగ్గా దీనికి తగ్గట్టే ఉంటుంది. ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు, మరో ఎనిమిది బార్ల భాగం రెండుసార్లు, మొత్తం ముప్పై రెండు బార్లు. మన తాళ భాషలో బార్‌ను ఒక చిన్న ఆవర్తం అనుకోవచ్చు. ముప్పై రెండూ పూర్తవడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. కాగితం మీద రెండు మూడు పంక్తులే ఉన్నా వాయింపు మాత్రం చాలాసేపు సాగుతుంది. హార్డీ పిల్లవాడుగా ఉన్నప్పుడు ఒక వేడుకలో ‘ద న్యూ రిగ్డ్ షిప్’ అనే నాట్యానికి పన్నెండు జంటల కోసం ముప్పావుగంట ఆపకుండా ఫిడేలు వాయించాడని, ఎక్కడ నరం చిట్లుతుందోనన్న భయంతో ఆ ఇంటి ఇల్లాలు అతని కమాను చేతిని పట్టుకుని ఆపేసిందని ఆయన జీవితచరిత్రలో ఉంది. లెక్క వేస్తే అదే బాణీ ఎనభై సార్లకు పైగా మోగి ఉండాలి. అన్నిసార్లు వాయించేవాడు ప్రతిసారీ ఒకేలా వాయించడు. ఆ మార్పులేవీ రాతలోకి రాలేదు, రావలసిన అవసరమూ అతనికి లేదు.

ప్రశ్న: ఇలాంటి కొన్ని పుటల ఛాయాచిత్రాలు చూశాను. ఒంటి వరుస తప్ప ఏమీ లేదు. కాలప్రమాణం లేదు, అలంకారాలు లేవు, కొన్ని చోట్ల తాళం కూడా తప్పింది. అచ్చు వేసేటప్పుడు వీటిని సరిదిద్దాలా? (వయొలిన్ ఉపాధ్యాయుడు, విజయవాడ)

జవాబు: తప్పులు ఎలా వస్తాయో ముందు చూస్తే ఎంత సరిదిద్దాలో తేలుతుంది. ఆరు ఎనిమిదుల తాళంలో, అంటే మన తిశ్ర నడకకు దగ్గరగా సాగే జిగ్ బాణీలో, ఒక బార్‌లో ఆరు క్వేవర్లు (తాళంలో లెక్కకు వచ్చే చిన్న స్వరాలు) ఉండాలి. రాతప్రతిలో ఏడు కనిపిస్తాయి. జాగ్రత్తగా చూస్తే వాటిలో రెండు స్వరాలు సగం విలువకు వాయించవలసినవి. వాటి తలమీద వేయవలసిన రెండో అడ్డగీతను రాసినవాడు వేయలేదు. అతనికి ఆ చోటు వేలికి తెలుసు కనుక గీత అవసరం పడలేదు. ఇలాంటి చోట సవరణ నిస్సందేహం. బాణీకి ముందు వచ్చే ఎత్తుగడ స్వరాన్ని చివరి బార్‌లో తగ్గించకపోవడం కూడా చాలా తరచుగా కనిపిస్తుంది. అదీ అటువంటిదే.

స్వరస్థానాల విషయం వేరు. డి మేజర్‌లోని, అంటే డి స్వరం షడ్జమమైన, బాణీలో ‘సి’ స్వరం తీవ్రంగా ఉండాలని పుస్తకం చెబుతుంది. స్వరాన్ని పెంచే షార్ప్ గుర్తులు రెండు ఉండవలసిన చోట రాతప్రతిలో ఒకటే వేసి ఉంటే రాసినవాడు రెండోది మరిచాడా, లేక ఆ ఊళ్లో కోమల నిషాదంతోనే వాయించేవారా? మొదటిదైతే శంకరాభరణపు నడక, రెండోదైతే హరికాంభోజి నడక. రెండూ ఇంగ్లండ్ పల్లె సంగీతంలో ఉన్నవే. అచ్చు పుస్తకంతో పోల్చి ‘సరిచేయడం’ సులువే గానీ, ఆ సరిచేయడంలో పోయేది మళ్లీ రాదు. ఉన్నది ఉన్నట్టే అచ్చువేసి, సంపాదకుని సూచనను కింద వేరుగా చూపడమే న్యాయమని నా దృఢాభిప్రాయం.

అలంకారాలు లేకపోవడాన్ని మీరు లోపంగా భావించనక్కరలేదు. మన స్వరపరచిన కీర్తనల పుస్తకాల్లో ఎన్నిటిలో గమకం పూర్తిగా కనిపిస్తుంది? గురుముఖంగా నేర్చినవాడికి స్వరం చూడగానే గమకం చేతికి వచ్చినట్టే, ఆ నాట్యాలకు ఏళ్ల తరబడి వాయించినవాడికి కమాను విరుపూ కాలప్రమాణమూ రాయనక్కరలేని విషయాలు. చాలా బాణీలు జి, డి శ్రుతుల్లోనే ఉండటం కూడా వాయించే చేతిని పట్టిచ్చే ఆధారమే. ఫిడేలు తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు కట్టి ఉంటాయి కనుక, ఆ శ్రుతుల్లో ఖాళీ తీగ ఎక్కువగా మోగుతుంది, చేయి పైకి జరపనక్కరలేదు.

ప్రశ్న: తేదీ లేని రాతప్రతి ఏ కాలానిదో ఎలా చెబుతారు? (ఖమ్మం)

జవాబు: కాగితమే ముందు చెబుతుంది. ఎగుమతి అయ్యే కాగితంపై సుంకం తిరిగి పొందాలంటే నీటిగుర్తులో సంవత్సరం ఉండాలని 1794లో బ్రిటన్‌లో నియమం వచ్చింది. ఆ తర్వాత చాలా కాగితాల్లో, వెలుతురుకు ఎత్తి చూస్తే, తయారైన సంవత్సరం కనిపిస్తుంది. రాత అంతకు ముందుది కాజాలదు. బాణీల పేర్లూ సాయపడతాయి: నైల్ యుద్ధం 1798, ట్రఫాల్గర్ 1805, వాటర్లూ 1815. పోల్కా అనే నాట్యపు బాణీలు ఉంటే ఆ పుటలు 1840ల నాటివో తర్వాతివో అయి ఉంటాయి, ఎందుకంటే లండన్‌ను పోల్కా ఊపేసింది 1844లో. అయితే పాత బాణీకి కొత్త యుద్ధం పేరు పెట్టడం మామూలే కనుక, పేరు ఆ పుట ఎప్పటిదో చెబుతుంది గానీ బాణీ వయసు చెప్పదు. ఒకే పుస్తకంలో తండ్రి రాతా కొడుకు రాతా కలిసి ఉండే సందర్భాలను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

ప్రశ్న: చర్చి కీర్తనలూ నాట్య బాణీలూ ఒకే పుస్తకంలో ఉండేవని విన్నాను. నిజమేనా? (గుంటూరు)

జవాబు: నిజమే. ఆర్గాన్లు, హార్మోనియంలు రాకముందు అనేక పల్లె చర్చిల్లో ఫిడేళ్లు, చెల్లో, క్లారినెట్‌లతో ఊరివాళ్లే వాయించేవారు, వారంలో మిగతా రోజుల్లో వాళ్లే నాట్యాలకూ వాయించేవారు. హార్డీ తన ‘అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ’ నవలకు 1896లో రాసిన ముందుమాటలో దీన్ని వివరించాడు. పుస్తకానికి ఒక చివర నుంచి భక్తిగీతాలు, రెండో చివర నుంచి జిగ్‌లు, రీల్‌లు, హార్న్‌పైప్‌లు వంటి నాట్య బాణీలు రాసుకుంటూ పోతే నడుమ ఎక్కడో రెండూ కలిసేవట. తీగలు, కమానుకు రాసే రాజనం, సంగీతపు కాగితం మోసుకుని ఆరు నెలలకోసారి ఊరూరా తిరిగి వచ్చే వర్తకుడి గురించి కూడా అక్కడే ఉంది. కాగితం అంత అరుదుగా దొరికే చోట పుస్తకంలో ఒక్క పుటనూ వృథా చేయరు.

ప్రశ్న: దీక్షితుల నోట్టు స్వరాలకూ ఈ బాణీలకూ సంబంధం ఉందా? (చెన్నై)

జవాబు: ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గరి మణలిలో ఉన్న కాలంలో సెయింట్ జార్జి కోటలోని బ్యాండు సంగీతం విన్నారు. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య వయొలిన్ నేర్చి, దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో మొదటివారిగా పేరుపొందారు. అప్పట్లో సైనికుల ద్వారా, వర్తకుల ద్వారా వచ్చిన ఐరోపా వరుసలకు ముత్తుస్వామి దీక్షితులు శంకరాభరణ స్వరాల్లో సంస్కృత సాహిత్యం కూర్చారు. ఆ రచనలే నోట్టు స్వరాలు. ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ రాజగీతపు వరుస. ‘వందే మీనాక్షి’ది ‘లిమరిక్’ అనే వరుస. వీటిని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో సుబ్బరామ దీక్షితులు తెలుగు లిపిలోనే అచ్చువేశారన్నది మనవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి. క్లేర్ హెల్ప్‌స్టన్‌లో బాణీలు రాసుకుంటున్న 1818 నాటికి దీక్షితులు జీవించే ఉన్నారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటోంది. ఈ బాణీలు తను వాయించగలదా? ఎక్కడ దొరుకుతాయి? (ఒక తల్లి, లెస్టర్, ఇంగ్లండ్)

జవాబు: తప్పకుండా వాయించగలదు. మీరున్న దేశంలోనే విలేజ్ మ్యూజిక్ ప్రాజెక్ట్ అనే బృందం ఇటువంటి రాతప్రతులెన్నిటినో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉచితంగా అందుబాటులో ఉంచింది. లండన్‌లోని సెసిల్ షార్ప్ భవనంలో వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం ఉంది, అక్కడా చూడవచ్చు. ఆ బృందం వాడిన ఏబీసీ లిపిలో ఐదు గీతలు ఉండవు. స్వరానికి అక్షరం, దాని నిడివికి అంకె. సరిగమలు చదివే పిల్లకు దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు.

ఒక్క చిక్కు ముందే చెబుతాను. కర్ణాటక పద్ధతిలో తీగలను షడ్జమ పంచమాలకు, మళ్లీ షడ్జమ పంచమాలకు కడతారు. ఈ బాణీలను రాసినవాళ్ల ఫిడేళ్లు జి, డి, ఎ, ఇ స్వరాలకు కట్టినవి. మీ అమ్మాయి తన శ్రుతిలోనే ఉంచి వాయిస్తే వరుస సరిగ్గానే పలుకుతుంది, కానీ ఖాళీ తీగ మోగవలసిన చోట వేలు పడుతుంది. వీలైతే రెండో వయొలిన్‌ను పాశ్చాత్య శ్రుతికి కట్టి ఇవ్వండి. జి శ్రుతిలోని ఒక జిగ్ తీసుకుని, జి స్వరాన్ని షడ్జమం అనుకుని, గమకం లేకుండా, తిశ్ర నడకలో మొదలుపెట్టమనండి. మొదటి వారం ఎనిమిది బార్ల తొలి భాగం చాలు.