షుగర్ పేషెంట్ స్పృహ తప్పితే నోట్లో పంచదార పొయ్యొచ్చా?

ప్రశ్న: మా నాన్నకి 66 ఏళ్లు, షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిపిన మాత్ర వాడతారు, క్రియాటినిన్ 1.8 ఉంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి మాత్ర మాత్రం వేసుకున్నారు, మధ్యాహ్నం స్పృహ తప్పారు. పక్కింటివాళ్లు నోట్లో పంచదార నీళ్లు పోస్తే పొలమారింది. ఆస్పత్రిలో షుగర్ 38 ఉందని గ్లూకోజ్ ఎక్కించారు, లేచారు, ఇంటికి తెచ్చేశాం. తెల్లవారుజామున మళ్లీ అలాగే అయింది, మళ్లీ గ్లూకోజ్ పెట్టించి తెచ్చాం. ఎందుకిలా? - ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: మీరు ఇంటికి తొందరగా తెచ్చేశారండీ, అంతే. గ్లూకోజ్ ఎక్కించగానే మనిషి లేచి కాఫీ అడుగుతాడు, ఇంక ఏం కాలేదులే అనిపిస్తుంది, కానీ ఎక్కించిన గ్లూకోజ్ కాసేపట్లో ఖర్చయిపోతుంది, గ్లిమిపిరైడ్ మాత్రం దాదాపు రోజంతా పాంక్రియాస్‌ని ఇన్సులిన్ వదలమని తరుముతూనే ఉంటుంది, తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. పైగా క్రియాటినిన్ 1.8 అంటే కిడ్నీలు నెమ్మదించాయి, మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది. అందుకే ఈ రకం మాత్రలతో షుగర్ పడిపోయినవాళ్లని కనీసం 24 గంటలు, కిడ్నీ సమస్య ఉంటే ఇంకా ఎక్కువే, ఆస్పత్రిలో ఉంచి గంటగంటకీ షుగర్ చూస్తూ ఉండాలి. ఇప్పుడు కూడా ఇంట్లో ఉంచొద్దు, ఇవాళే తీసుకెళ్లండి, డాక్టర్ చెప్పేదాకా ఆ మాత్ర వెయ్యకండి.

పంచదార నీళ్ల సంగతి. స్పృహలో లేని మనిషి మింగలేడు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొలమారింది అన్నారు కదా, దగ్గు, జ్వరం, ఆయాసం ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. అలాంటప్పుడు చెయ్యాల్సింది పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యడం, గ్లూకోమీటర్ ఉంటే ఈలోగా వేలు గుచ్చి చూడటం. ఫిట్స్ వచ్చినా సరే, చేతిలో తాళాలు పెడుతూ కూర్చోవద్దు. ఆస్పత్రిలో నరంలోకి గ్లూకోజ్ పెడితే చాలాసార్లు నిమిషాల్లోనే కళ్లు తెరుస్తారు, ఆలస్యమైతే మాత్రం మెదడు దెబ్బతింటుంది.

స్పృహలో ఉండి చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు ఉంటే అప్పుడు తాగించండి. మామూలుగా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడమంటాం, కానీ మీ నాన్నగారి మాత్రలో వోగ్లిబోస్ ఉంది, అది పంచదారని పేగుల్లో త్వరగా విడగొట్టనివ్వదు, కాబట్టి ఆయనకి మెడికల్ షాపులో దొరికే గ్లూకోజ్ పొడే ఇవ్వాలి, ఈ ముక్క చాలామందికి ఎవరూ చెప్పరు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వాడేవాళ్లకి దడ, వణుకు అంతగా తెలియవు, చెమట పట్టడమే ముఖ్యమైన గుర్తు. ఒక్కోసారి మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి అచ్చం పక్షవాతంలా ఉంటుంది, సాయంత్రం పూట రోడ్డు మీద పడిపోతే తాగి పడ్డాడనుకుని దాటుకుని పోతారు.

స్పృహ తప్పిన ప్రతిసారీ షుగర్ తగ్గే ఉంటుందని కాదు. ఇన్సులిన్ మానేసినవాళ్లకి వాంతులు, కడుపునొప్పి, రొప్పుతూ శ్వాస, నోట్లో పండు వాసన వచ్చి కోమాలోకి పోవచ్చు. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చి రోజుల తరబడి నీరసం, విపరీతంగా మూత్రం, దాహం అయ్యాక షుగర్ 600 దాటి మత్తుగా అయిపోతారు. ఇవన్నీ ఆస్పత్రి కేసులే. కానీ మీటర్ లేక ఎక్కువో తక్కువో తెలియకపోతే, మింగగలిగే మనిషికి గ్లూకోజ్ ఇవ్వడమే నయం, ఎక్కువున్న షుగర్ ఇంకాస్త పెరిగితే వచ్చే నష్టం తక్కువ. అంచనా మీద ఇన్సులిన్ మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు.

డాక్టర్‌ని కలిసినప్పుడు ఈ కిడ్నీకి గ్లిమిపిరైడ్ అవసరమా, వేరే మందుకి మారుద్దామా, మెట్‌ఫార్మిన్ డోసు ఎంత అని గట్టిగానే అడగండి. ఈ మధ్య యాంటీబయాటిక్ ఏదన్నా వాడుంటే అదీ చెప్పండి, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగర్ బాగా పడిపోతుంది. ఉపవాసం మానమని నేను చెప్పినా నాన్నగారు వినకపోవచ్చు, కనీసం ఆ రోజు ఏ మాత్ర వెయ్యాలో, ఏది ఆపాలో కాగితం మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక కొన్నాళ్లు తెల్లవారుజామున మూడింటికి ఒకసారి షుగర్ చూసి రాసిపెట్టండి, 70 కన్నా తగ్గితే వెంటనే గ్లూకోజ్ ఇచ్చి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.