31వ పేజీలో తలుపు

అమ్మాయ్,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. రెండోసారి 38వ పేజీ దగ్గర కాగితాలు పక్కన పడేసి, లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను. ఆ లారీ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? 37 పేజీల పాటు ప్రేమించుకునే ఇద్దరమ్మాయిల్ని నాకు దగ్గర చేసి, తరవాతి పేజీలో ఒకదాన్ని లారీ కింద పడేశావు. పైగా లారీ డ్రైవరుకి పేరు పెట్టావు, అతనికి మోకాళ్ళ నొప్పులని కూడా రాశావు. చచ్చిపోయిన పిల్ల ఏం పని చేస్తుందో మాత్రం చివరిదాకా చెప్పలేదు.

"విషాదాంతమైతేనే జనానికి గుర్తుంటుంది కదా మేడమ్" అన్నావు. మేడమ్ అనకు. అక్కా అను, నా వయసుకి పెద్దమ్మా అన్నా పలుకుతాను. జనం సంగతి నాకు తెలీదు గానీ నాకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. అరవై దాటిన లెస్బియన్‌ని. నాలాంటివాళ్ళు తెరమీద ఎన్ని రకాలుగా చచ్చారో రాసుకుంటూ పోతే ఒక నోటుపుస్తకం నిండుతుంది. ఉరి, నీళ్ళు, తుపాకి, జబ్బు, పిచ్చాసుపత్రి. బండి కింద పడటం కూడా ఉంది, నువ్వేం మొదటిదానివి కావు.

సరే, లారీని ఎలాగూ తీసేస్తావు. నన్ను అసలు గుచ్చింది 31వ పేజీ.

ఇద్దరూ గదిలో ఉన్నారు. ఒకమ్మాయి రెండో అమ్మాయి జడ విప్పుతోంది. బాగుంది. అంతలో "కట్" అని రాసి కెమెరాని వరండాలోకి లాక్కుపోయావు. తల్లి నడిచొస్తోంది. చెయ్యి తలుపు మీద పడింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళతో మనం లోపలికి చూశాం. పక్కన బ్రాకెట్లో "షాక్" అని రాశావు. ఎవరికమ్మా షాక్? జడ విప్పుతున్న పిల్లకా, విప్పించుకుంటున్న పిల్లకా? నాకైతే కాదు. తల్లికి. అంటే అప్పటిదాకా ఆ ఇద్దరి కథగా నడిచింది ఒక్క కట్‌తో తల్లి కథ అయిపోయింది. ఆ తరవాత ఆ పిల్లలిద్దరూ ఆవిడకొచ్చిన కష్టం, అంతే.

ఇది నాకున్న పిచ్చి అనుకో. ఏళ్ళ తరబడి ఇదే పాట పాడుతున్నాను. మా ప్రేమ మీద తీశామని చెప్పుకునే సినిమాల్లో చాలావాటిని తలుపు తీసేవాళ్ళ కోసమే తీశారు. ప్రేమించుకున్నవాళ్ళు లోపల, కెమెరా గుమ్మంలో. టికెట్ కొనుక్కుని వెళ్ళిన నేను కూడా నా గదిలోకి నేనే బయటినుంచి తొంగి చూడాలి.

కాలం గడిచేకొద్దీ ఇవన్నీ బాగుపడతాయని నీ ఉత్తరంలో ఒక మాట ఉంది. దానికి ఒక లెక్క చెబుతాను. 1931లో జర్మనీలో లియోంటీన్ సాగన్ "మేడ్షెన్ ఇన్ యూనిఫార్మ్" తీసింది. ఆడపిల్లల హాస్టలు స్కూలు, టీచర్ని ప్రేమించిన ఒక పిల్ల. సినిమాలో ఒక్క మగ నటుడూ లేడు. ఆ పిల్ల చావాలని మెట్లెక్కి పైకి పోతుంది. తోటి పిల్లలంతా పరుగెత్తి, పట్టుకుని వెనక్కి లాగుతారు. బతుకుతుంది. అదీ 1931లో!

ఇప్పుడు అమెరికాకి రా. సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే హేస్ కోడ్ అనే నియమావళిని 1934 నుంచీ అక్కడ గట్టిగా అమలు చేశారు. ఆడవాళ్ళిద్దరి మధ్య ప్రేమ అనే ఊహ కూడా తెరమీద కనపడకూడదు. అదే ఏడాది లిలియన్ హెల్మన్ ఒక నాటకం రాసింది. స్కూలు నడుపుకునే ఇద్దరు స్నేహితురాళ్ళ మీద, వాళ్ళు ప్రేమించుకుంటున్నారని ఒక విద్యార్థిని పుకారు పుట్టిస్తుంది. విలియం వైలర్ దాన్ని 1936లో "దీస్ త్రీ" అని తీశాడు. కోడ్ ఒప్పుకోదు కాబట్టి ఆ పుకారుని స్నేహితురాలికీ, రెండో ఆవిడకి కాబోయే భర్తకీ మధ్య వ్యవహారంగా మార్చేశారు. ఆడమనిషి పోయి మగమనిషి వచ్చాడు, బొమ్మ ఆడింది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నాకూ జరిగింది. మన భాషలో ఒక చాటు ఉంది చూశావా. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అంటే ఆడో మగో తెలీదు. "వచ్చాడు", "వచ్చింది" అన్నామా, దొరికిపోయాం. మొదటి పదకొండేళ్ళు నేను రాసిన ప్రేమకథలన్నీ నేను-నువ్వు కథలే. పత్రికలవాళ్ళు పక్కన మీసాలున్న బొమ్మ వేసేవాళ్ళు. ఒకసారి తెగించి "ఆమె" అని రాశాను. ఆ ఎడిటరు నాకు మాటమాత్రం చెప్పకుండా ప్రూఫులో "ఆమె"లన్నీ "అతను"లు చేశాడు. చిన్న పనేం కాదు పాపం, కథ పొడుగునా క్రియలన్నీ మార్చుకుంటూ పోవాలి. ఒక్కచోట మర్చిపోయాడు. "మెట్ల మీద కూర్చుని నవ్వింది" అని అలాగే అచ్చయింది. అచ్చుతప్పులు మరీ ఎక్కువవుతున్నాయని ఒక పాఠకుడు పత్రికకి ఉత్తరం కూడా రాశాడు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది. మా గురించి నేను రాస్తే అచ్చయిన మొదటి వాక్యం ఆ అచ్చుతప్పే.

ఎక్కడున్నాం? వైలర్. 1961లో హేస్ కోడ్‌ని కాస్త సడలించారు. అదే ఏడాది వైలర్ అదే నాటకాన్ని, ఈసారి ఉన్నదున్నట్టు, "ద చిల్డ్రన్స్ అవర్" అని మళ్ళీ తీశాడు. ఆ ఇద్దరు స్నేహితురాళ్ళలో పెళ్ళి కుదరని ఆవిడ తన ప్రేమని నోరు తెరిచి చెప్పుకుంటుంది, తనని తాను అసహ్యించుకుంటూ. కాసేపటికి ఉరేసుకుంటుంది. నోరు తెరవనిచ్చిన ఏడాదే ఉరితాడూ ఇచ్చారు. 1931లో బతికిన పిల్ల ముప్పై ఏళ్ళ తరవాత చచ్చిపోయింది. అందుకని కాలం మీద భారం వేసి కూర్చోకు.

ఇంకో సంగతి. 9వ పేజీలో నీ పెద్దమ్మాయికి గతంలో ఒక చెడ్డ మగవాణ్ణి తగిలించావు. వాడు కొట్టేవాడు, తాగేవాడు, అందుకే ఈ పిల్ల ఆడపిల్లని ప్రేమించింది. ఆ పేరా కొట్టెయ్. దీపా మెహతా "ఫైర్" (1996) మీద కూడా నాకున్న పాత తగాదా ఇదే. ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరు పనికిమాలిన భర్తలు. భర్తలు మంచివాళ్ళైతే వీళ్ళకి ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండేది కాదా? అయినా ఆ సినిమా మీద ఎక్కువసేపు కోపం నిలవదు. 1998 డిసెంబరులో థియేటర్ల మీద దాడులు చేసి మరీ ఆపారు దాన్ని. అన్నిటికీ మించి, చివర్లో రాధ చీరకి నిప్పంటుకున్నా చావదు. బయటికొచ్చి సీతని కలుసుకుంటుంది. చంపడానికి అగ్గి రాజేసి ఉంచుకుని కూడా చంపలేదు చూడు. నీ దగ్గర ఉత్త లారీ ఉంది.

చూసేవాళ్ళ సంగతి అడిగావు. చెబుతాను, దీన్ని ఎక్కడా రాయలేదు. నా ఇరవైల్లో ఒక సినిమాకి వెళ్ళాం, నేనూ తనూ. పేరు అనవసరం. అందులో ఒక సీనులో ఒకావిడ ఇంకొకావిడ చెంప మీద చెయ్యేసి ఉంచుతుంది, మామూలుగా స్నేహితులు ఉంచేదానికన్నా రెండు క్షణాలు ఎక్కువ. హాలంతా ఈలలు, నవ్వులు. నేనూ నవ్వాను. పక్క సీటువాళ్ళకి అనుమానం రాకూడదని కాస్త గట్టిగానే నవ్వాను. తను నవ్వలేదు. ఇంటిదాకా మాట్లాడలేదు. తరవాత ఏ సినిమాలో ఆ రెండు క్షణాలు వచ్చినా నేను తెర చూడను, తన మొహం చూస్తాను.

అంతకుముందు మాకు ఉన్నదల్లా హీరోయిన్ స్నేహితురాలు. ఇంటర్వెల్ తరవాత మాయమైపోతుందే, ఆ పిల్ల. హీరోయిన్ ఏడుస్తుంటే కళ్ళు తుడిచి, పెళ్ళిలో పూలదండ అందించి వెళ్ళిపోతుంది. ఎక్కడికి? నేను సీట్లో కూర్చుని ఆ పిల్ల వెనకాలే పోయేదాన్ని. కథలు రాయడం అక్కడే నేర్చుకున్నాను.

ఫ్యాషన్లు మారాయి. ఒకప్పటి ఎడిటర్లు "దీనివల్ల సమాజానికి ఏమిటండీ ఉపయోగం" అని తిప్పి పంపేవాళ్ళు. ఇప్పటివాళ్ళు ఏడాదికొకసారి, మాలాంటివాళ్ళ ప్రైడ్ నెల అని, జూన్ దగ్గర పడగానే ఫోన్ చేసి "ఒక క్వీర్ కథ కావాలండీ, కొంచెం బోల్డ్‌గా" అంటారు. మొన్న ఒకరికి పంపాను. ఇద్దరు ముసలమ్మలు కళ్ళద్దాల నంబరు మార్పించుకోవడానికి వెళ్ళే కథ. "బాగుంది గానీ పెయిన్ సరిపోలేదండీ" అన్నారు. నాకు వెంటనే కెన్యా గుర్తొచ్చింది. 2018లో వనూరి కహియూ తీసిన "రఫీకి"ని అక్కడి సెన్సారు బోర్డు నిషేధించింది. అమ్మాయిలిద్దరూ ప్రేమించుకోవడం ఒక గొడవైతే, ముగింపులో ఆశ ఉండటం వాళ్ళకి పెద్ద గొడవ. పశ్చాత్తాపం కనపడాలట, ముగింపు మార్చమన్నారు. ఆవిడ మార్చలేదు. కోర్టుకి వెళితే నిషేధాన్ని ఏడు రోజుల పాటు ఎత్తేశారు, ఆ ఏడు రోజులూ జనం వెళ్ళి చూశారు. బోర్డుకి పశ్చాత్తాపం చాల్లేదు, మా ఎడిటరుకి బాధ చాల్లేదు. నీ లారీ ఈ ఇద్దరికీ బాగా నచ్చుతుంది.

"కెమెరా గదిలోపల పెడితే అసభ్యం అవుతుందేమో" అని నువ్వు రేపు అడుగుతావు. లోపల పెట్టినంత మాత్రాన సరిపోదు, నిజమే. 2013లో అబ్దెల్లతీఫ్ కెషీష్ "బ్లూ ఈజ్ ద వార్మెస్ట్ కలర్"కి కాన్ చిత్రోత్సవంలో పామ్ డోర్ అనే అగ్ర బహుమతి వచ్చింది, దర్శకుడితో పాటు ఇద్దరు నటీమణులకీ కలిపి ఇచ్చారు. ఆ ఇద్దరూ ఆ గౌరవానికి తగినవాళ్ళే. కానీ ఆ పడకగది సీన్లు చూస్తే, తలుపు తీసినవాడు లోపలికొచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంటుంది. మూలమైన బొమ్మల నవల గీసినవాళ్ళే, సెట్లో లెస్బియన్లు లేని లోటు కనిపిస్తోందన్నారు. అదే "పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్" (2019) చూడు. చిత్రకారిణి మోడల్‌ని దొంగచాటుగా గమనించి బొమ్మ గీస్తుంటుంది. తరవాత ఆ మోడల్, నువ్వు నన్ను చూస్తున్నంతసేపూ నేను ఎవర్ని చూస్తున్నాననుకున్నావు అన్నట్టు ఎదురడుగుతుంది. దాని దర్శకురాలు సెలీన్ సియామాకి కాన్‌లో స్క్రీన్‌ప్లే బహుమతి ఊరికే రాలేదు. ఆ గదిలో చూసేది ఇద్దరే, చూడబడేదీ ఆ ఇద్దరే.

నిజజీవితంలో తలుపు తీసేవాళ్ళు ఉంటారు కదా అంటావు. ఉంటారు. మా తలుపూ తీశారు. ఎవరు తీశారో, ఏమన్నారో చెప్పను, నలభై ఏళ్ళ నుంచీ చెప్పలేదు. వాళ్ళు వెళ్ళాక చూస్తే గడియ ఊడి వేలాడుతోంది. మర్నాడు పొద్దున తను గడియ పట్టుకుంది, నేను స్క్రూలు బిగించాను. మాకిద్దరికీ ఆ పని రాదు. వంకరగా కుదిరింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తలుపు కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే గానీ గడియ పడేది కాదు. ఎవరైనా ఆ పొద్దుటిపూట సినిమా తీస్తారేమోనని ఎదురుచూస్తున్నాను. అందరూ ముందురోజు సాయంత్రమే తీస్తున్నారు.

ముగింపు ఎలా అని అడిగావు. డోనా డీచ్ "డెజర్ట్ హార్ట్స్" (1985) చివర్లో రైలు కదలబోతుంటుంది. వెళ్ళిపోయే ఆవిడ, ప్లాట్‌ఫారం మీదున్న ఆవిణ్ణి తరవాతి స్టేషన్ దాకా రమ్మంటుంది. అంతే అడుగుతుంది. ఈవిడ ఎక్కుతుంది. ఎన్నోసార్లు చూశాను, ఎక్కదేమోనని ప్రతిసారీ నాకు టెన్షనే.

నీ 12వ పేజీ గురించి చెప్పడం మర్చిపోయాను. చదువుతూ నిద్రపోయిన పిల్ల కళ్ళద్దాలు రెండోది మెల్లగా తీసి, కొంగుతో తుడిచి, లేవగానే చేతికి తగిలే చోట పెడుతుంది. అది ఎవరూ చూడరు, తల్లి కూడా. కెమెరా ఆ నాలుగు లైన్లలో ఎక్కడ ఉందో గమనించు. నువ్వు రాసేటప్పుడు గమనించి ఉండవు.

పోటీకి పంపాలా, పాటలు పెట్టాలా అనే ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. కలంపేరు సంగతి నన్ను అడగొద్దు, ఆ ఇంట్లో రేపు పొద్దున లేచేది నువ్వు.

స్క్రిప్టు దీంతో పాటు పంపుతున్నాను. 31 నుంచి చివరిదాకా పేజీలు నా దగ్గరే ఉంచేశాను, వెతుక్కోకు. 30వ పేజీ చివర జడ సగమే విప్పి ఉంది, అక్కణ్ణుంచి మళ్ళీ రాయి. రెండో అమ్మాయి ఏం పని చేస్తుందో ముందు నాకు చెప్పు. ఆదివారాలు ఫోన్ చెయ్యకు, మేం సినిమాకి వెళతాం.

ఉంటాను,
అక్క