సోలార్ ప్యానెళ్లా, మొక్కలా? కరువు సీమలో బడిని పర్యావరణహితంగా మార్చాలంటే ముందు ఏం చేయాలి?

నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్ టీచర్ని. ప్యానెళ్లూ మొక్కలూ తర్వాత. ముందు మధ్యాహ్న భోజనం అయ్యాక కుళాయిల దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా మాది. అలాంటి చోట ప్లేట్లు కడిగిన నీళ్లు ఒక మూల మడుగు కట్టి దోమలు పెంచుతుంటే, గేటు పక్కన మొక్క నీళ్లు లేక ఎండిపోతుంటుంది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మా బడిలో కుళాయిల కింద సిమెంటు కాలువ కట్టించి, చివర ఇనుప జల్లెడ పెట్టాం. మెతుకులు, కరివేపాకు, మునక్కాయ పిప్పి దానిమీదే ఆగుతాయి. ఆయమ్మ వాటిని బకెట్లోకి ఎత్తి పక్కింటి బర్రెలకు పంపుతుంది. నీళ్లు కంకర, ఇసుక నింపిన గుంతలోంచి మెట్టతామర మడిలోకి, అక్కణ్నుంచి అరటి, మునగ పాదుల్లోకి పారతాయి. జల్లెడ రోజూ కడగాల్సిందే, లేదంటే కంపు కొడుతుంది. ఆకుకూరలకు మాత్రం ఈ నీళ్లు పెట్టకండి.

ఇక మొక్కలు. నాటేది ఎవరైనా నాటుతారు, ఫొటోలూ దిగుతారు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తే మళ్లీ తెరిచేది జూన్‌లోనే. ఆ ఎండల్లో నీళ్లు పోసే మనిషి ఎవరో తేలాకే గుంత తవ్వండి. వేప, కానుగ, చింత మా ఎర్రనేలలో తట్టుకుంటాయి. పాదులో నాలుగు వేళ్ల మందాన శెనక్కాయ పొట్టు పరిస్తే తడి తొందరగా ఆరదు. మా వైపు మిల్లుల్లో అది కావలసినంత దొరుకుతుంది. మొదలుకు ఆనించకండి, చెదలు పడతాయి.

డాబా మీద పడే వానను కూడా వదలకండి. 200 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 10 వేల లీటర్లు! మొదట వచ్చే దుమ్ము నీళ్లు బయటికి వదిలేసి, మిగతావి బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లించండి. గుంత ఎక్కడ తవ్వాలో మీ ఊరి సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి.

సోలార్ మంచిదే, కానీ ముందు వాడకం తగ్గాలి. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: సాయంత్రం చెత్తకుప్పకు నిప్పు పెట్టనివ్వకండి. చిక్కీ కవర్లు, బిస్కెట్ కవర్లు కాలిన పొగ పీల్చేది గ్రౌండ్‌లో ఆడుకునే మన పిల్లలే. కవర్లను విడిగా సంచిలో వేసి పంచాయతీ చెత్తబండికి ఇవ్వండి.

ఈ పనులు టెన్త్ పిల్లలకు అప్పగించకండి. వాళ్లకు పరీక్షల టెన్షన్, పైగా ఏడాది తిరిగేసరికి వెళ్లిపోతారు. ఎనిమిదో తరగతి వాళ్లకు ఇవ్వండి. తొమ్మిదికి వచ్చాక కింది క్లాసు వాళ్లకు వాళ్లే నేర్పుతారు.