సీసాల పొడి రబ్బరు మిల్లుకి ఎక్కాలంటే

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. వాడేసిన పెట్ ప్లాస్టిక్ సీసాలను రసాయనికంగా విడగొట్టి రబ్బరు ఫ్యాక్టరీలకు పనికొచ్చే కెమికల్ చేస్తానన్నావు. బాగుంది. కానీ నాలుగు పేజీల్లోనూ చెత్త గురించే రాశావు. ఆ సరుకు ఏ రబ్బరులో వేయాలి, వేస్తే ఏం ఒరుగుతుంది అన్నది ఒక్క ముక్కా లేదు. ముందు అది తేల్చుకో. కాంపౌండ్, అంటే రబ్బరులో మందులు వేసిన ముద్ద, కలిపే మనిషికి నీ పొడి ఎందులోంచి పుట్టిందన్నది పెద్దగా పట్టదు. పోయిన నెల బస్తా, ఈ నెల బస్తా ఒకేలా పనిచేస్తాయా అన్నదే అతని టెన్షన్.

పెట్‌ని దేనితో విడగొడతావన్న దాన్నిబట్టే అది ఏ రబ్బరుకి పోతుందో తేలుతుంది. 2-ఇథైల్ హెక్సనాల్‌తో చేస్తే డీఓటీపీ అనే నూనెలాంటి ప్లాస్టిసైజర్ (మెత్తబరిచే మందు) వస్తుంది. అది నైట్రైల్ రబ్బరులో ఇముడుతుంది, సహజ రబ్బరులో సరిగా ఇమడదు. ఇథిలీన్ గ్లైకాల్‌లో కాస్త జింక్ ఎసిటేట్ వేసి 190 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే బీహెచ్ఈటీ అనే పొడి వస్తుంది. ఇథనాలమీన్‌తో అయితే బీహెచ్ఈటీఏ అనే తెల్లటి అమైడ్. నీకు ఈ చివరిదాని మీద మనసు పడింది. నన్నడిగితే బీహెచ్ఈటీతో మొదలుపెట్టు.

ఎందుకంటావా? బీహెచ్ఈటీ సుమారు 110 డిగ్రీలకే కరుగుతుంది. మిక్సర్‌లో ఆ వేడి మామూలుగానే పుడుతుంది కాబట్టి కరిగి రబ్బరంతా పరుచుకుంటుంది. బీహెచ్ఈటీఏ 220 దాటితే గానీ కరగదు. మిక్సింగ్‌లోనూ, 150 డిగ్రీల ప్రెస్‌లోనూ అది ఇసుక రేణువులాగే మిగిలిపోతుంది. లాగి చూసినప్పుడు షీటు సరిగ్గా ఆ రేణువు దగ్గరే తెగుతుంది. అదే కావాలనుకుంటే మెత్తగా విసిరి, సన్న జల్లెడ పట్టక తప్పదు. ఇంకో సంగతి. సిలికా వేసిన కాంపౌండ్లలో డైఇథిలీన్ గ్లైకాల్, పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) వేయడం పాత అలవాటే; లేకపోతే సిలికా యాక్సిలరేటర్‌ని (క్యూర్‌ని వేగపరిచే మందుని) తనకు అతికించుకుని వల్కనైజేషన్‌ని, అంటే గంధకంతో రబ్బరు గట్టిపడే క్యూర్‌ని, మందగింపజేస్తుంది. బీహెచ్ఈటీకి కూడా ఆ గ్లైకాళ్లలాగే రెండు కొసల్లో హైడ్రాక్సిల్ (సిలికాని అంటుకునే ఓహెచ్ గుంపు) ఉంది కనుక ముందు పరీక్షించి చూడాల్సింది అక్కడే.

సీసాలు ఏరే పనిని చిన్నచూపు చూడకు. మూతల ముక్కలు నీళ్లలో తేలతాయి, తీసేయడం సులువు. పీవీసీ లేబుళ్లు మాత్రం పెట్‌తో పాటే మునుగుతాయి, రెండింటి సాంద్రత దాదాపు ఒకటే. ప్రతి లాటులోంచి అనుమానంగా ఉన్న ఫ్లేకులు (సీసా ముక్కలు) ఏరు. రాగి తీగను మంటలో రంగు రాకుండా పోయేదాకా కాల్చి, ఎర్రగా ఉండగానే ఫ్లేకుకి తాకించి మళ్లీ మంటలో పెట్టు. మంట ఆకుపచ్చగా వెలిగిందంటే క్లోరిన్ ఉన్నట్టే. ఈ పని బాగా గాలి ఆడే చోట చెయ్యి. పీవీసీ నీ రియాక్టర్‌లో పడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది, అది స్టీలునీ తింటుంది, నీ బ్యాచ్‌నీ పాడుచేస్తుంది.

రబ్బరుకి ఆమ్లం తగిలితే క్యూర్ ఆలస్యమవుతుంది, అమీన్ తగిలితే తొందరపడుతుంది. అనిలీన్ వేస్తే గంధకం పని వేగంగా జరుగుతుందని జార్జ్ ఓన్స్‌లేగర్ 1906లోనే చూపించాడు. కాబట్టి ఇథనాలమీన్ దారిలో వెళ్తే మిగిలిన అమీన్ పూర్తిగా పోయేదాకా కడుగు. లేకపోతే కాంపౌండ్ అచ్చులోకి చేరకముందే గట్టిపడి స్కార్చ్ అయిపోతుంది. ఇథనాలమీన్ కొనేటప్పుడు అందులో డైఇథనాలమీన్ ఎంతుందో కూడా అడుగు. సెకండరీ అమీన్ ఉంటే నైట్రోసమీన్ల (క్యాన్సర్ భయమున్న పదార్థాల) గొడవ వస్తుంది, ఆ మాట వినగానే కొనేవాడు ఫైలు మూసేస్తాడు.

ఫలానా బ్రోచర్‌లో చూశానని "యాంటీ ఆక్సిడెంట్" అన్న మాట వాడావు. వద్దు. రబ్బరు పాడవకుండా వేసే 6పీపీడీ అనే మందు ఓజోన్‌తో తానే ముందు చర్య జరిపి రబ్బరుని కాపాడుతుంది. నీ బీహెచ్ఈటీఏకి ఆ గుణం ఎక్కడిది? చేయగలిగింది చెప్పు, చాలు.

పరీక్షల్లో మొదట కావాల్సింది రియోమీటర్ కర్వ్, అంటే వేడిలో రబ్బరు గట్టిపడే తీరు చూపే గీత. అదే కాంపౌండ్‌ని నీ పొడి లేకుండా ఒకసారి, నూరు భాగాల రబ్బరుకి ఒకటి, రెండు, మూడు భాగాలు వేసి తలా ఒకసారి నడుపు. స్కార్చ్ టైమ్, టీ90 (తొంభై శాతం క్యూర్ అయ్యే సమయం), గరిష్ఠ టార్క్ (ఎంత బిగిసిందో చూపే అంకె) పక్కపక్కన పెట్టి చూడు. తర్వాత షీట్లను 70 డిగ్రీల ఓవెన్‌లో వారం ఉంచి లాగితే తట్టుకునే బలం ఎంత పడిందో కొలువు. కొన్ని షీట్లు మాత్రం ఓవెన్ జోలికి పోకుండా అలమారలో పెట్టి, అప్పుడప్పుడు వేలితో రాసి చూడు. తెల్లటి పొర అంటితే బ్లూమ్ వస్తున్నట్టు, అంటే పొడి పైకి తేలుతున్నట్టు, మోతాదు తగ్గించాల్సిందే.

కిలో పెట్‌కి లెక్క ప్రకారం 1.3 కిలోల బీహెచ్ఈటీ రావాలి, గ్లైకాల్ బరువు కూడా చేరుతుంది కనుక. ఆ అంకె చూసి మురిసిపోయి, మిగులు గ్లైకాల్‌ని స్వేదనం చేసి తిరిగి వాడే ఖర్చు మర్చిపోకు. కడిగిన నీళ్లు కాలువలోకి వదలడానికి వీల్లేదు. ఇథనాలమీన్ చర్మాన్నీ కళ్లనీ కాలుస్తుంది, గ్లవ్స్, గాగుల్స్ లేకుండా మూత తీయొద్దు.

మూడు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి అరకిలో చొప్పున విడిగా పంపు. ఒకదాన్ని ఇంకోదానితో కలిపి సగటు చేయకు, బాగా రానిదాన్ని దాచకు. సంచి మీద బ్యాచ్ నంబరు, కరిగే ఉష్ణోగ్రత, తేమ శాతం రాయి. తెలిసినవాళ్ల ల్యాబ్‌లో మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు వేయించి కర్వ్‌లు పంపిస్తాను.

మావయ్య