చీరమేను చాలు, పులస వద్దు

యానాం,
ఆదివారం.

అమ్మాయీ,

లాంప్రే అనే పాములాంటి చేప మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి మూడు పేరాలూ పులస పులుసే. నోరూరింది గానీ, 36 కోట్ల ఏళ్ల నాటి చేప కోసం కూర్చున్నవాడికి విసుగొస్తుంది. పైగా పులసకి దవడలున్నాయి, నీ లాంప్రేకి లేవు. అవి కొట్టేసి చీరమేనుతో మొదలుపెట్టు. తవ్వల్లెక్కన కొనే ఆ బుల్లి చేపపిల్లల్ని చూసి ఏది ఏ చేపవుతుందో మనలో ఎవరు చెప్పగలరు? నీ కథలో ఉన్న చిక్కూ అదే.

నేటి లాంప్రే పిల్ల చూపు లేకుండా ఏటి బురదలో ఏళ్ల తరబడి దాక్కుని, నీళ్లు వడకట్టుకుని తింటుంది. పెద్దయ్యాకే కళ్లూ, పళ్లున్న గుండ్రటి నోరూ వస్తాయి. పోలికే లేక దాన్ని వేరే జాతి అనుకున్నారు. రెండూ ఒకటేనని 1856లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ ముల్లర్ తేల్చాడు. (నవ్వకు. నేనూ కుర్రతనంలో ఇలస వేరు, పులస వేరు అని ఒక పత్రికలో రాసేశాను. సముద్రంలో ఇలసే గోదారి ఎదురెక్కితే పులస అని రేవులో ఓ ముసలాయన చెప్పేదాకా తెలీదు.)

ఆ బురద పిల్లే వెన్నెముక జీవుల తాతముత్తాతల నమూనా అని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ముందు పాఠకుణ్ణి అది నమ్మనివ్వు. నువ్వు మొదటి వాక్యంలోనే 'అది తప్పు' అనేశావు. ఇక చదవడం ఎందుకు?

తర్వాత దక్షిణాఫ్రికాలోని వాటర్లూ ఫామ్‌కి తీసుకెళ్లు. అక్కడి నల్లటి పలకరాళ్లలో శిలాజంగా దొరికిన ఆ 36 కోట్ల ఏళ్ల నాటి లాంప్రే, ప్రిస్కోమైజాన్, పెద్దది 42 మిల్లీమీటర్లే. దాని పిల్లల సంగతి 2021లో బయటికొచ్చింది. అన్నిటికన్నా చిన్నది బొటనవేలి గోరంత, దాదాపు 15 మిల్లీమీటర్లు. పొట్టకింద పచ్చసొన సంచి ఇంకా ఉంది, అయినా పెద్ద కళ్లూ, పళ్లున్న నోరూ అప్పటికే వచ్చేశాయి! అంటే బురద బతుకు లాంప్రేలకి తర్వాత అబ్బిందన్నమాట. ఆ సొన సంచి నీ వ్యాసానికి ప్రాణం. దాన్ని తీసుకెళ్లి ఆఖరి పేజీలో ఓ బ్రాకెట్లో ఇరికించావేమిటి తల్లీ?

ఇంకొకటి. 'మన మూలపురుషుడు దొరికాడు' అని రాశావు. దొరకలేదు. లాంప్రే పిల్లకిచ్చిన ఆ పీట లాగేశారు, అంతే. దానికి బదులు ఎముక కవచాలున్న పాత దవడలేని చేపల్ని చూడమంటున్నారు పరిశోధకులు. అంతవరకే రాయి.

పులస పేరాలు మాత్రం పారెయ్యకు. విడిగా పంపు, గోదారికి ఎర్రనీరొచ్చి పులస ఎదురెక్కే నెలకి పనికొస్తాయి.